రెండెకరాలూ, రెండు వందల గంటలూ



దమ్మాయిగూడ నుండి ఒక తండ్రి వ్రాసిన ఉత్తరం నా బల్లమీద మూడు వారాలు ఉండిపోయింది. చర్లపల్లి పారిశ్రామికవాడలో షిఫ్టు పని చేసుకునే మనిషి. సొంత ఊరు ఆలేరు దగ్గర ఒక పల్లె. నాలుగు పేజీలు వ్రాశాడు గాని అడిగింది ఒక్కటే. పెద్ద కుమారుడు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, పైలట్ అవుతానంటున్నాడు. అమెరికాలో ఆరు నెలల ఫాస్ట్‌ట్రాక్ కోర్సు ఉన్నదని, చేరితే పైలట్ అయి తిరిగి వస్తాడని ఒక ఏజెంటు చెప్పాడు. ఊళ్లో తండ్రి ఇచ్చిన రెండెకరాలు అమ్మితే డబ్బు సరిపోతుంది. అమ్మవచ్చునా?

ఇది ఉత్తరంతో తేలే సంగతి కాదనిపించి, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఈసీఐఎల్ చౌరస్తాలో బస్సు దిగి, ఆటోలో వాళ్ల ఇంటికి వెళ్లాను. భోజనం పెట్టారు. అబ్బాయి రంగుల పుస్తకం ఒకటి తెచ్చి చేతికిచ్చాడు. తెల్లచొక్కా, భుజంమీద నాలుగు బంగారు గీతలు, వెనుక నీలి ఆకాశం. నేను పేజీలు తిప్పుతుండగా తల్లి నెమ్మదిగా అన్నది: “సార్, ఈయన ఊరికి ఫోన్ చేసి బేరం గూడ మాట్లాడిండు.” తండ్రి తల వంచుకున్నాడు.

అప్పుడే ఇంటిమీదుగా ఏదో విమానం పోయిన చప్పుడు. అబ్బాయి మాట మధ్యలో ఆపి కిటికీ దగ్గరకు పరుగెత్తాడు. హకీంపేట వైమానిక స్థావరం అక్కడికి ఎంతో దూరం లేదు. పిల్లవాడు చిన్నప్పటి నుండి ఆ చప్పుడు వింటూ పెరిగాడు. ఇది ఎవరో ఎక్కించిన పిచ్చి కాదని నాకు అప్పుడే అర్థమైంది. కాబట్టి “మనకెందుకురా ఇవన్నీ” అనే మాట నేను అనలేదు. మన ఇళ్లల్లో ఆ మాట ఇప్పటికే చాలాసార్లు అన్నాము.

తొందరగా ఎగరడం నేర్పడం కొత్త సంగతేమీ కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మన బేగంపేటలోనే ప్రాథమిక శిక్షణ పాఠశాల నడిచింది. టైగర్ మాత్ అనే రెండు రెక్కల అంతస్తుల చిన్న విమానంమీద కుర్రవాళ్లకు నేర్పేవారు. యుద్ధం ఆగదు గనుక నేర్పడం కూడా ఆగేది కాదు. దానికి ఖర్చు పెట్టింది సర్కారు. ఇప్పుడు ఖర్చు పెట్టేది ఆలేరు దగ్గరి రెండెకరాలు. తేడా అంతా అక్కడే ఉన్నది.

ముందు లెక్క చూద్దాము. మన దేశంలో విమానయాన సంగతులు చూసే శాఖను డీజీసీఏ అంటారు. జీతానికి విమానం నడపాలంటే దాని దగ్గర కమర్షియల్ పైలట్ లైసెన్సు తీసుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండాలి, డాక్టరీ పరీక్షలో నెగ్గాలి. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమానయాన నియమాలు, విమానపు యంత్రభాగాలు, వీటిమీద పేపర్లు వ్రాసి నూటికి 70 తెచ్చుకోవాలి. రేడియోలో మాట్లాడడానికి వేరే పరీక్ష. వీటన్నిటితోపాటు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు తానే బాధ్యుడై నడపాలి. ఒక్కసారైనా 300 నాటికల్ మైళ్లకు తక్కువ కాని ప్రయాణం చేసి, దారిలో రెండు వేరే విమానాశ్రయాల్లో దిగాలి. అంటే దాదాపు హైదరాబాదు నుండి విజయవాడకు పోయి వచ్చినంత దూరం. రాత్రిపూట అయిదు గంటలు, బయటకు చూడకుండా పరికరాలను బట్టి నడిపేది పది గంటలు.

ఈ 200 గంటలను ఏ ఫాస్ట్‌ట్రాక్ కోర్సూ నూరు చేయదు. తగ్గేది క్యాలెండరు మాత్రమే. ఆ మాట చెప్పి, తండ్రికి ఒక కాగితం ఇచ్చి లెక్క కట్టమన్నాను. షిఫ్టులు, ఓవర్‌టైములు లెక్కగట్టే మనిషి గనుక రెండు నిమిషాల్లో తేల్చాడు. ఆరు నెలలకు 180 రోజులు. రోజుకు గంటా ఏడు నిమిషాలు. ఆదివారం లేదు, జ్వరం లేదు, వాన లేదు, విమానం రిపేరు లేదు, పరీక్ష రోజు లేదు. “గట్లెట్ల కుదురుతది సార్?” అన్నాడు. కొన్ని గంటలకొకసారి విమానాన్ని విప్పి చూడాలి, అది తప్పదు. ఎండాకాలం మధ్యాహ్నాలు నేల వేడికి గాలి ఎగదన్నుతుంది, చిన్న విమానం గుంతల రోడ్డుమీద ఆటోలాగా ఊగుతుంది. అందుకే కొత్తవాళ్లను తెల్లవారుజామున ఎక్కువ పంపుతారు. వానాకాలంలో వారానికి వారం మబ్బు చూస్తూ కూర్చోవలసి వస్తుంది.

అయితే ఫాస్ట్‌ట్రాక్ అంటే అంతా మోసమని చెప్పడం కూడా న్యాయం కాదు. నా దగ్గర తొమ్మిది, పది తరగతులు చదివిన ఒక కుర్రవాడు ఇప్పుడు కో-పైలట్‌గా ఉన్నాడు. టెక్సాస్‌లో నేర్చుకున్నాడు. వారానికి ఒక్కరోజు ఎగిరేవాడు పోయిన వారం నేర్చినది సగం మరిచిపోతాడట. వచ్చిన గంటలో అరగంట పాత పాఠానికే పోతుంది, ఆ అరగంటకూ డబ్బు కట్టాలి. రోజూ ఎగిరేవాడికి చేతులు మరిచిపోవు. విమానాన్ని దించేటప్పుడు నేల దగ్గరకు రాగానే ముక్కు కొంచెం ఎత్తి, వేగం చంపి, చక్రాలను మెల్లగా ఆనించాలి. ఎంత ఎత్తులో ఎత్తాలి అనేది పుస్తకం చెప్పదు, కళ్లకు అలవాటు కావాలి. వరుసగా పదిరోజులు దించితే వచ్చే ఆ అలవాటు, నెలకు నాలుగుసార్లు దించితే ఏడాదికి గాని రాదు. ఆ మాటకొస్తే ట్రాక్టరు నేర్చుకున్న ఎవరినైనా అడగండి.

మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రోజు సంగతి అతడు చెబుతుంటే వినాలి. పక్క సీటులోని గురువు దిగిపోయి తలుపు వేసి, “పోయి రా” అన్నాడట. ఒక మనిషి బరువు తగ్గేసరికి ఆ చిన్న విమానం రోజూ లేచేదానికంటే ముందే నేల వదిలింది. “సార్, నా పక్కన ఖాళీ సీటు చూసి భయమేసింది. మళ్లీ అటు చూడలేదు” అన్నాడు. దించేవరకు తనలో తాను గురువు మాటలు పైకి అనుకుంటూనే ఉన్నాడట.

మరి తొందరకు లొంగనిది ఏమిటి? అది కూడా అతడే చెప్పాడు. చేతులు త్వరగా నేర్చుకుంటాయి. ఆకాశం చూసి “ఈ రోజు వద్దు” అనడం మాత్రం త్వరగా రాదు. వాతావరణం పేపరులో తొంభై మార్కులు వచ్చినవాడు కూడా, కళ్లముందు పెరుగుతున్న మబ్బును చూసి వెనక్కు తిరగడానికి వెనకాడతాడు. మన రైతులకు ఇది నేను చెప్పనక్కరలేదు. ఒక్క వానాకాలం చూసినవాడిని మనం రైతు అనము. ఏ మబ్బు కురుస్తుందో ఏది ఉరిమి పోతుందో తెలియడానికి కొన్ని కార్తెలు నెత్తిమీదుగా పోవాలి.

ఇక్కడే నేను ఆ తండ్రితో ఒక కఠినమైన మాట అనవలసి వచ్చింది. “తమ్ముడూ, పొలం అమ్మి పంపితే ఆ పొలం కూడా వాడితోపాటు విమానం ఎక్కుతుంది” అన్నాను. గడువు ముగుస్తున్నది, కట్టిన డబ్బు అయిపోతున్నది, ఇంటి దగ్గర అమ్మ ఫోన్‌లో “ఎన్ని గంటలయినయి బిడ్డా” అని అడుగుతున్నది. అటువంటి పిల్లవాడు పొద్దున్నే మసక మబ్బు చూసి “ఈ రోజు వద్దు” అనగలడా? గురువు అడిగితే “ఒంట్లో బాగాలేదు, నిద్ర చాలలేదు” అని నిజం చెప్పగలడా? తండ్రి మాట్లాడలేదు. అబ్బాయి మాత్రం మొదటిసారి ఆ రంగుల పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

భయపెట్టడానికి కాదు గాని, దాచిపెట్టడం కూడా తప్పే. 2019 అక్టోబరు 6న బేగంపేట నుండి బయలుదేరిన శిక్షణ విమానం వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ దగ్గర పొలాల్లో కూలి, నేర్చుకుంటున్న ఇద్దరు చనిపోయారు. ఆ రోజు వాతావరణం బాగాలేదని వార్తలు వచ్చాయి. 2022 ఫిబ్రవరి 26న నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర మరొక శిక్షణ విమానం కూలి, ఒంటరిగా నడుపుతున్న ఒక యువతి మరణించింది. 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర వైమానిక దళపు శిక్షణ విమానం కూలి, గురువు, శిష్యుడు ఇద్దరూ పోయారు. వీరెవరో తొందరపడ్డారని నేను అనడం లేదు. వైమానిక దళంలో శిక్షణ ఎంత నిదానంగా, ఎంత కట్టుదిట్టంగా ఉంటుందో అందరికీ తెలుసు. అక్కడా జరిగింది. కన్నవాళ్లు ఈ సంగతి తెలిసి పంపాలి, తెలియక పంపకూడదు.

డబ్బు సంగతికి వద్దాము. మన దేశంలో లైసెన్సు వరకే ముప్పై అయిదు నుండి యాభై లక్షల దాకా అవుతున్నది. తొందర కోర్సులవాళ్లు చాలాచోట్ల మొత్తం ముందే కట్టమంటారు. కట్టవద్దు. అమెరికాలో సిల్వర్ స్టేట్ హెలికాప్టర్స్ అనే సంస్థ ఉండేది. నేర్పడం తామే, అప్పు ఇప్పించడం కూడా తామే చూసేవారు. ఒక్కొక్కరూ దాదాపు 70 వేల డాలర్లు అప్పుచేసి చేరారు. 2008 ఫిబ్రవరిలో అది రాత్రికి రాత్రి మూతపడింది. రెండువేల మందికి పైగా విద్యార్థులు నడిమధ్యలో మిగిలారు. చదువు పోయింది గాని అప్పు పోలేదు. ఎగిరిన గంటలకు ఎప్పటికప్పుడు కట్టే పద్ధతి ఉన్నచోట చేరితే, సంస్థ మునిగినా మీ పొలం మొత్తం మునగదు.

తొందర మరొక గోతిలో కూడా దించుతుంది. 2011లో మన దేశంలో కొందరు నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు తెచ్చుకున్నారని బయటపడింది. కొందరి లాగ్‌బుక్కుల్లో ఎగరని గంటలు ఎగిరినట్టు వ్రాసి ఉన్నాయి. లాగ్‌బుక్కు అంటే పైలట్ ఎగిరిన ప్రతి గంటా వ్రాసుకునే పుస్తకం. అరెస్టులు జరిగాయి, లైసెన్సులు పోయాయి. “గంటలు మేము చూసుకుంటాము” అని ఎవరైనా అంటే, లేచి చెప్పులు వేసుకోండి.

ఏజెంటు చెప్పనిది ఇంకొకటి ఉన్నది. లైసెన్సు చేతికి రావడంతో ఉద్యోగం రాదు. అక్కడి లైసెన్సు ఇక్కడ పనికి రావాలంటే నావిగేషన్, వాతావరణం, నియమాల పేపర్లు మన దేశంలో వ్రాయాలి, కొన్ని గంటలు ఇక్కడి పద్ధతిలో నడిపి చూపాలి. ఆ తర్వాత పెద్ద విమానానికి వేరే శిక్షణ, దానిని టైప్ రేటింగ్ అంటారు. ఎయిర్‌బస్‌కు ఒకటి, బోయింగ్‌కు ఒకటి. దానికి మరికొన్ని లక్షలు. పోనీ అమెరికాలోనే చేస్తాడంటారా? అక్కడ 2009లో బఫెలో దగ్గర జరిగిన ప్రమాదంలో 50 మంది చనిపోయాక, పెద్ద విమానసంస్థల్లో కో-పైలట్‌కు కూడా మామూలుగా 1,500 గంటలు ఉండాలని 2013లో నియమం తెచ్చారు. 200 గంటలవాడిని గుమ్మం కూడా తొక్కనివ్వరు.

నేను చెప్పిన శిష్యుడు పది నెలల్లో టెక్సాస్ నుండి తిరిగి వచ్చాడు. తర్వాత మూడేళ్లు ఇంట్లో ఉన్నాడు. మూడేళ్లు! ఆ మధ్యలో ఒక స్కూల్లో లెక్కలు చెప్పాడు. ఈ రంగం అలాంటిది. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయాయి. ఆగినప్పుడల్లా వేల గంటలున్న పైలట్లు రోడ్డుమీదికి వచ్చి, కొత్త పిల్లలతో కలిసి వరుసలో నిలబడ్డారు. మరోవైపు అదే 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డరు ఇచ్చాయి. వాటిని నడపడానికి మనుషులు కావాలి, అదీ నిజమే. ఆకలి ఉన్నది గాని వడ్డించే వేళ మన చేతిలో లేదు.

నిదానంగా వెళ్లినవారు కూడా ఉన్నారు. హైదరాబాదు పాతబస్తీలో బేకరీ పనివాడి కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా సంగతి పత్రికల్లో మీరు చదివే ఉంటారు. బేగంపేటలోని ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో 2007లో చేరింది. సియాసత్ ఉర్దూ పత్రిక సంపాదకులు జాహిద్ అలీఖాన్ ఆదుకున్నారు. ఆరు నెలల్లో అయ్యే పని కాదు, ఏళ్లు పట్టింది. సెస్నా విమానాలమీద గంటలు నింపుకొని లైసెన్సు తెచ్చుకున్నాక మళ్లీ ఆగింది, పెద్ద విమానాల శిక్షణకు డబ్బు లేదు. తెలంగాణ ప్రభుత్వం ముప్పై అయిదు లక్షలకు పైగా ఇచ్చాక ఆ శిక్షణ పూర్తి చేసింది. ఆ తర్వాతనే ఇండిగోలో ఎయిర్‌బస్ నడిపే స్థానానికి చేరింది. ఆమెకు దొరికిన సహాయం అందరికీ దొరకదు, ఆ మాట ఒప్పుకోవాలి. నేను చూపదలచింది అన్నేళ్ల ఆగడం. ఆగినంత మాత్రాన ఆమె పైలట్ కాకుండా పోలేదు.

ఈ మాట చెబుతుంటే ఇంటి చిన్నపిల్ల, తొమ్మిదో తరగతి, వంటింటి గడప దగ్గర నిలబడి వింటున్నది. “తాతా, ఆడపిల్లలు గూడ నడుపుతరా?” అన్నది. ఇప్పుడు మన దేశంలో పైలట్లలో దాదాపు నూటికి పదిహేను మంది స్త్రీలేనని చెప్పాను. ప్రేమ్ మాథుర్ అనే ఆమె 1947లో లైసెన్సు చేతబట్టుకొని సంస్థ తర్వాత సంస్థ తిరిగితే అందరూ కాదన్నారు. చివరికి పని ఇచ్చింది మన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్. పిల్ల అన్నవైపు చూసి నవ్వింది. వాడు నవ్వలేదు.

సాయంత్రం అయ్యేసరికి మేమంతా కూర్చుని ఒక వరుస వ్రాసుకున్నాము. మొదట డాక్టరీ పరీక్ష, డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర. ముఖ్యంగా రంగులు గుర్తించే కంటి పరీక్ష. దీనికి కొన్ని వేలు చాలు. ఇందులో పోతే లక్షలు మిగులుతాయి, ఎందరో కుటుంబాలు దీన్ని చివరకు పెట్టుకొని ఏడ్చాయి. రెండవది, పరీక్ష పేపర్లు. పుస్తకాలు తెచ్చుకొని దమ్మాయిగూడలో ఇంట్లో కూర్చుని చదవవచ్చు, దానికి అమెరికా అక్కరలేదు. ఆ పేపర్లు పాసయ్యే ఓపిక ఉన్నదో లేదో ఏడాదిలో తేలిపోతుంది. మూడవది, ఏదైనా శిక్షణ సంస్థలో డబ్బు కట్టి ఒక్కసారి గురువు పక్కన ఎగిరి చూడడం. కొందరికి మొదటి మలుపులోనే కడుపులో తిప్పుతుంది. ఈ మూడూ అయ్యాక, ఎగిరే గంటలను మాత్రం ఎక్కడ వీలైతే అక్కడ వరుసగా, త్వరత్వరగా పూర్తి చేయడం. ఫాస్ట్‌ట్రాక్ అక్కడ పనికివస్తుంది. డబ్బుకు బ్యాంకు అప్పు ఎంత, పొలంలో ఎంత భాగం అనేది అప్పటి మాట. ఈ కాగితంమీద పొలం పేరు అన్నిటికంటే కింద వ్రాశాము.

“మరి బేరం మాట్లాడినోళ్లకు ఏం చెప్పాలె?” అన్నాడు తండ్రి.

“కంటి పరీక్ష కానియ్యమని చెప్పు” అన్నది భార్య, నాకంటే ముందే.

మొన్న ఒక పోస్టుకార్డు వచ్చింది. కంటి పరీక్ష అయింది, రంగులకు ఇబ్బంది లేదట. మిగతా పరీక్షలకు తేదీ ఇచ్చారు. పొలంలో ఈ కారుకు వరి వేశారు. కుమారుడు వాతావరణ శాస్త్రం పుస్తకం తెచ్చుకున్నాడు గాని, అది రాత్రిళ్లు చెల్లెలి దగ్గరే ఎక్కువ ఉంటున్నదని చివర వ్రాశాడు.